చెయ్యి దూరని చోటు

అద్దం అత్తయ్య ఎవరి ఇంటికి వెళ్లినా ముందు కుర్చీలో కూర్చునేది కాదు. మాటల్లో మాటగా టీవీ బల్ల మీదో, కిటికీ గట్టు మీదో చూపుడువేలు అలా ఒకసారి రాసి, ఆ వేలిని వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసుకునేది. నోరు తెరిచి ఒక్క మాట అనేది కాదు. అనాల్సిన అవసరమూ ఉండేది కాదు. ఆ వేలిని చూశాక ఆ ఇంటి ఇల్లాలికి తల ఎక్కడ పెట్టుకోవాలో తెలిసేది కాదు. ఆ మూడంతస్తుల బిల్డింగులో ఆవిడ చెప్పుల చప్పుడు మెట్ల మీద వినిపిస్తే చాలు, ఏదో ఒక వాటాలో ఎవరో ఒకరు గుడ్డ పట్టుకుని పరుగెత్తేవారు.

ఆ పేరు పెట్టింది ఎదురు వాటా ఆవిడ. ఒకరోజు గుమ్మంలో నిలబడి, “మీ ఇంటి నేలలో మొహం చూసుకుని తల దువ్వుకోవచ్చండీ అత్తయ్యగారూ” అంది. అది పొగడ్తో, ఎత్తిపొడుపో అన్నావిడకే తెలియాలి. అత్తయ్య మాత్రం పొగడ్త కిందే జమకట్టుకుంది. అప్పటినుంచి ఆవిడ బిల్డింగుకంతటికీ అద్దం అత్తయ్య. మందుల షాపులో బిల్లులు కొట్టే కోడలికి చాటున అద్దం అత్తయ్య, రెండో క్లాసు చదివే మనవరాలికి ఎదటే అద్దం నానమ్మ. కళ్లజోళ్ల షాపులో పనిచేసే కొడుకు ఒక్కడే ఏ పేరూ పెట్టకుండా అమ్మా అనేవాడు. పొద్దస్తమానం అద్దాలు తుడిచి వచ్చేవాడికి ఇంట్లో కూడా అద్దాల గొడవెందుకులే అనుకునేవాడు.

తడిగుడ్డతో నేల తుడవడం అత్తయ్య లెక్కలో శుభ్రం చెయ్యడం కాదు. “అది స్నానం ఎగ్గొట్టి మొహానికి పౌడరు రాసుకోవడం” అనేది. ఆవిడ ఇల్లు కడిగేది. రోజూ, ఎండైనా వానైనా, మోకాళ్లు మొరాయించినా సరే, బకెట్లకు బకెట్లు నీళ్లు కొట్టి కడిగేది. ఆ ఇంట్లో ఆవిడకు లొంగనిది ఒక్కటే ఉంది. తనూ మనవరాలూ పడుకునే గదిలోని చెక్క బీరువా. నలుగురు మనుషులు ఆపసోపాలు పడుతూ మెట్ల మీదుగా మోసుకొచ్చి గోడకు ఆనించి వెళ్లాక అది మళ్లీ అంగుళం కదల్లేదు. దాని కిందికి చీపురు దూరదు, చెయ్యి దూరదు. తన ఇంట్లో తన చెయ్యి దూరని చోటు ఒకటుందన్న బాధతో అత్తయ్యకు కొన్నాళ్లు తిండి సయించలేదు. చివరికి ఉపాయం దొరికింది. చెంబు నిండా నీళ్లు తీసుకుని, వంగి, బీరువా కిందికి గట్టిగా విసిరేది. ఇటు విసిరిన నీళ్లు అటు పక్కనుంచి బయటికి వస్తే లోపలంతా కడిగినట్టే. “చెయ్యి దూరని చోటికి నీళ్లు దూరతాయి” అని ఆ సూత్రాన్ని బిల్డింగులో ఆడవాళ్లందరికీ అడిగినా అడక్కపోయినా బోధించింది.

వానలు మొదలైన దగ్గర్నుంచి మనవరాలికి దగ్గు. ముందు జలుబన్నారు, తరవాత ఏదో పడలేదన్నారు, ఆ తరవాత పిల్ల గుండెల్లోంచి పిల్లికూతలు మొదలయ్యాయి. ఊపిరి పీల్చినప్పుడల్లా లోపల ఎవరో సన్నగా ఈల వేస్తున్నట్టు వినిపించేది. ఆ ఈల పక్కన పడుకునే అత్తయ్యకు కంటి మీద కునుకుండేది కాదు. ఆ పిల్లంటే ఆవిడకు ప్రాణం. నేల మీద కాస్త నలక పడితే ఓర్చుకోలేని మనిషి, ఆ పిల్ల బురదకాళ్లతో వచ్చి ఒళ్లో కూర్చున్నా కిక్కురుమనేది కాదు.

డాక్టరమ్మ పిల్ల వీపు మీద గొట్టం పెట్టి విని, కోడలితో అంది. “మందులు నేనిస్తాను. కానీ పిల్ల పడుకునే గదిలో గాలి పరీక్ష చేయించండి. గోడకు చెమ్మ ఉంటే బూజు పడుతుంది. అది కంటికి కనపడకుండా గాల్లో తిరుగుతుంటుంది. ఎన్ని మందులు మింగినా పిల్ల మళ్లీ వెళ్లి ఆ గాలే పీలుస్తుంది కదా?”

ఆ గదిలో వానలో తడిసిన గోనెసంచి లాంటి వాసన వస్తున్న మాట నిజమే. దానికి కారణం ఎవరన్న విషయంలో మాత్రం అత్తాకోడళ్లకు భేదాభిప్రాయం లేదు. ఇద్దరికీ మాట కలిసిన విషయం బహుశా అదొక్కటే. పై వాటాలో ఉండే ఓనరుగారి బాత్రూం పైపు బీరువా వెనక గోడలోంచే కిందికి దిగుతుంది. ఆయన్ని బిల్డింగులో రేపుగారు అంటారు. కుళాయి కారుతోందన్నా, మెట్ల మీద లైటు వెలగట్లేదన్నా “రేపు చూద్దాం” అంటాడు. ఆయన మాట తప్పాడని ఎవరూ అనలేరు. రేపు ఇంకా రాలేదు కదా.

అందుకే కోడలు ఆయన్ని ఒంటరిగా పట్టుకోలేదు. నీళ్ల మోటారు గురించి అందరూ మెట్ల దగ్గర చేరిన పూట చూసి అడిగింది. “గాలి పరీక్షలో బూజుందని తేలితే గోడ పగలగొట్టించి పైపు మారుస్తారా?”

అంతమంది ముందు రేపు అనడానికి ఆయనకు నోరు రాలేదు. “తేలితే మారుస్తానమ్మా. పిల్ల విషయం కదా. తేలకపోతే మాత్రం ఇంక నా పైపు ఊసెత్తకూడదు. సరేనా?”

“సరే” అంది కోడలు.

పరీక్ష చెయ్యడానికి రాబోయే మనిషికి బిల్డింగులో అప్పుడే గాలాయన అని పేరు పడిపోయింది. ఆయన ఫోన్లో చెప్పిన నియమాలు కోడలు ఇంటికొచ్చి చెప్పింది. ఆయన వచ్చేదాకా ఆ గది కిటికీ తెరవకూడదు, గోడలు తుడవకూడదు, మందునీళ్లు చల్లకూడదు, మామూలు రోజుల్లో ఎలా ఉంటారో అలాగే ఉండాలి.

“అంటే, పరాయి మనిషి ఇంట్లోకొచ్చి నా గోడల్లో మురికి వెతుకుతుంటే నేను చేతులు కట్టుకుని కూర్చోవాలన్నమాట” అంది అత్తయ్య.

“మురికి కాదత్తయ్యా. బూజు.”

“ఏమిటీ? నా ఇంట్లో బూజా?”

“మీ ఇంట్లో కాదు, ఆయన గోడలో. అది కాగితమ్మీదికి ఎక్కితేనే ఆయన పైపు మారుస్తాడు. ఒక్క రెండ్రోజులు ఓర్చుకోండి, మీకు దణ్ణం పెడతాను.”

కొడుకు పేపరులోంచి తల ఎత్తి, “అమ్మ చెప్పిందీ నిజమే, నువ్వు చెప్పిందీ నిజమే” అని పెళ్లాంతో అని మళ్లీ పేపరులోకి వెళ్లిపోయాడు. వాడు చిన్నప్పటినుంచీ గోడమీద పిల్లే. ఈ గొడవంతా గోడ గురించే కాబట్టి ఈసారి ఆ చోటు మరీ బాగా కుదిరింది.

అత్తయ్యకు విషయం అర్థం కాలేదని కాదు. బుర్రకు అర్థమైంది. చేతులకే అర్థం కాలేదు. మర్నాడు కొడుకూ కోడలూ పనికి, పిల్ల బడికి వెళ్లాక ఆవిడ ఆ గదిలో మంచం మీద కాసేపు బుద్ధిగా కూర్చుంది. కూర్చున్నకొద్దీ గోడ ఆవిడ వైపే చూస్తున్నట్టుంది. రేపు గాలాయన ఆ గోడ ముందు నిలబడతాడు. ఏదో కాగితమ్మీద ఈ ఇంటి నంబరు వేసి, పక్కన బూజు అని రాస్తాడు. ఆ కాగితం రేపుగారు చదువుతాడు, ఎదురు వాటా ఆవిడ చదువుతుంది. పైపు సంగతి ఎవరికి గుర్తుంటుంది? అద్దం అత్తయ్య ఇంట్లో బూజట అన్నదే మిగులుతుంది. ఇన్నేళ్లు ఊరందరి ఇళ్లలోనూ వేలు పెట్టి చూసిన మనిషికి ఆ భయం ఎంతుంటుందో చెప్పక్కర్లేదు.

“పైపైన ఒక్కసారి” అనుకుని లేచింది. ఆ పైపైన ఎక్కడిదాకా వెళ్లిందంటే, బ్లీచింగ్ పొడి కలిపిన నీళ్లతో కనపడే గోడంతా పైనుంచి కిందికి తోమింది. మంచం కోళ్లు తోమింది. ఫ్యాను రెక్కలు తుడిచింది. పరుపులు ఎండలో వేసింది. కిటికీ తలుపులు బార్లా తెరిచి, ఫ్యాను పెద్దది చేసి, గది గాలంతా వీధిలోకి, వీధి గాలంతా గదిలోకి వచ్చేదాకా అలాగే ఉంచింది. సాయంత్రానికి కళ్లు మండి ఎర్రబడ్డాయి.

కోడలు గుమ్మంలోనే ముక్కు ఎగబీల్చింది. “బ్లీచింగ్ వాసనొస్తోంది.”

“బాత్రూం కడిగాను. బాత్రూం కూడా కడగొద్దన్నాడా మీ గాలాయన?”

“మీ కళ్లేమిటి అలా ఉన్నాయి?”

“ఏడ్చాను” అంది అత్తయ్య. దొంగకు తేలు కుట్టినట్టు ఆ రాత్రంతా కళ్లు నులుముకుంటూ పడుకుంది. మర్నాడు పొద్దున కోడలు స్నానానికి వెళ్లగానే మళ్లీ కిటికీ తెరిచింది, కింద గేటు చప్పుడయ్యాకే మూసింది.

గాలాయన సన్నగా, పొడుగ్గా, ఎప్పుడూ ఏదో వాసన చూస్తున్నట్టుండే మనిషి. వెంట ఒక పెట్టె తెచ్చాడు. అత్తయ్య ఆ పెట్టె అడుగు తుడిచాకే నేల మీద పెట్టనిచ్చింది. అందులోంచి ఆయన చిన్న డబ్బా లాంటి యంత్రం తీశాడు. దాని మూత జల్లెడలా ఉంది. మూత కింద గుండ్రటి పళ్లెం, పళ్లెంలో పల్చగా పోసిన జెల్లీ.

“ఇది గదిలో గాలిని లోపలికి లాగుతుందమ్మా. గాల్లో ఉన్నవి ఈ జెల్లీకి అంటుకుంటాయి. మా ల్యాబులో వెచ్చగా ఉంచితే కొన్నాళ్లకు చుక్కలు చుక్కలుగా పెరుగుతాయి. ఇవి బూజుకి, ఇవి బాక్టీరియాకి.”

“ఈ పళ్లేలు కడిగే తెచ్చావా బాబూ?”

“కడగడమా? ఆవిరి మీద ఉడికించి తెచ్చాను.”

ఆ మాటతో అత్తయ్యకు ఆయన మీద గౌరవం కలిగింది. లోకంలో తనకన్నా ఒక మెట్టు పైనున్న మనిషిని చూడటం ఆవిడకు అదే మొదలు.

గాలాయన గోడను చూశాడు, కిటికీని చూశాడు, కోడల్ని అడిగాడు. “ఏమీ తుడవలేదు కదా? నేనొస్తున్నానంటే ప్రతి ఇల్లూ పెళ్లికూతురై కూర్చుంటుంది. అందుకడుగుతున్నా.”

“అయ్యో, మీరు వద్దన్నాక ఎందుకు తుడుస్తాం?” అని, కోడలు నోరు తెరిచేలోపే అత్తయ్య అనేసింది.

“ఈ బీరువా కొంచెం జరపగలమా?”

“అది జరిగే రకం కాదు బాబూ.”

ఆయన మంచం పక్కన, పిల్ల తల పెట్టుకునే ఎత్తులో యంత్రం పెట్టి పళ్లేలు మార్చి మార్చి గాలి పట్టాడు. తరవాత కిందికి దిగి గేటు దగ్గర వీధి గాలి కూడా పట్టాడు. బయట ఎంతుందో తెలియకపోతే లోపల ఎక్కువో తక్కువో ఎలా చెప్తామని అన్నాడు.

ఫలితం వచ్చింది. గది గాలి వీధి గాలి కంటే శుభ్రంగా ఉందట. గాలాయన ఫోన్లో కోడలితో, “ఇన్నేళ్ల సర్వీసులో ఇలాంటి పడకగది చూడలేదండీ. ఆపరేషన్ గదిలా ఉంది” అన్నాడు. అన్నది అనుమానంతో. స్పీకరులో విన్న అత్తయ్య గుండె నిండా ఊపిరి పీల్చుకుంది. ఇక ఆవిడ కాళ్లు నేల మీద నిలబడలేదు. ఆ కాగితం పట్టుకుని వాటా వాటాకూ వెళ్లింది. “యంత్రం పెట్టి చూశారమ్మా. యంత్రానికి మొహమాటం ఉండదు కదా” అంది. ఎదురు వాటా ఆవిడ కాగితం రెండుసార్లు చదివి, ఏదీ దొరక్క తిరిగి ఇచ్చేసింది.

అందరికన్నా ఎక్కువ సంతోషించింది రేపుగారు. ఆ కాగితానికి నకలు తీయించి మెట్ల దగ్గర నోటీసు బోర్డుకు అంటించాడు. ఏ పనైనా రేపు చేసే మనిషి ఆ పని ఆరోజే చేశాడు. కోడలు ఆయన్ని అడగడానికి ఇక మాటే లేకుండా పోయింది. ఆవిడ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుని, అత్తగారి మొహంలోకి ఒకసారి చూసి, షాపుకు వెళ్లిపోయింది.

గోడలోని బూజుకు మాత్రం ఆ కాగితం ఎవరూ చదివి వినిపించలేదు. ఒక మధ్యాహ్నం బడివాళ్లు ఫోను చేశారు, పిల్లకు ఒంట్లో బాగాలేదు తీసుకెళ్లండని. అత్తయ్య వెళ్లి తీసుకొచ్చింది. గేటుదాకా బాగానే నడిచిన పిల్ల మెట్లు ఎక్కలేకపోయింది. కింది మెట్టు మీద కూలబడి, రెండు చేతులూ మోకాళ్ల మీద ఆనించి, భుజాలు పైకి లాగి లాగి ఊపిరి తీస్తోంది. తీసిన ఊపిరి సగంలోనే ఆగిపోతోంది. పెదాలు నల్లబడుతున్నాయి. పిల్ల తలకు సరిగ్గా పైన నోటీసు బోర్డుంది.

“నానమ్మా” అంది పిల్ల. మళ్లీ ఊపిరి తీసుకుని, “మన గాలికి ఫస్టొచ్చిందిగా” అంది. మళ్లీ తీసుకుని, “మరి నాకెందుకు రావట్లేదు?” అంది.

ఆసుపత్రిలో పిల్ల ముక్కుకూ మూతికీ కలిపి తొడుగు పెట్టి మందు పొగ పట్టారు. ఈల కాస్త తగ్గింది. కోడలు షాపు నుంచి పరుగెత్తుకొచ్చింది. వరండాలో బెంచీ మీద అత్తాకోడళ్లు పక్కపక్కనే కూర్చున్నారు. అత్తయ్య పిల్ల పోతుందేమోనని భయపడింది, అంతకుమించి అది తన వల్లేనని భయపడింది. ఆ రెండో భయం మింగడానికి లేదు, కక్కడానికి లేదు. చివరికి కక్కింది.

“నేను కడిగేశాను.”

“ఏమిటి?”

“ఆ గోడ. ఆయన రాకముందు బ్లీచింగేసి కడిగాను. కిటికీ తెరిచిపెట్టాను. అబద్ధం చెప్పాను. నా ఇంటి మీద బూజు మాట పడుతుందని చేశాను. పిల్ల ఊపిరి కంటే నాకు నా పేరు ఎక్కువైపోయింది.”

అత్తగారి నోట తప్పు నాది అన్న మాట వినాలని కోడలు పెళ్లయినప్పటినుంచీ ఎదురుచూస్తోంది. ఆ మాట వచ్చినప్పుడు అనాల్సిన జవాబులు కూడా ఏనాడో సిద్ధం చేసి పెట్టుకుంది. తీరా వచ్చేసరికి ఒక్కటీ పనికొచ్చేలా లేదు. కోపం వచ్చింది, చాలా వచ్చింది. కానీ ఎదురుగా ఉన్న ముసలావిడ మొహం చూస్తే అరిచి లాభం లేదనిపించింది.

“మళ్లీ చేయిద్దాం” అంది పొడిగా. “రేపుగారితో మాత్రం మీరే చెప్పాలి.”

చెప్పింది. పిల్లను ఇంటికి తెచ్చి ముందుగదిలో పడుకోబెట్టాక, అందరూ పనుల నుంచి తిరిగొచ్చే వేళ చూసుకుని మెట్ల దగ్గర నిలబడి, బోర్డు మీది కాగితం చింపేసింది. “ఇది అబద్ధం. నేను దొంగచాటుగా కడిగాను. పరీక్ష మళ్లీ చేయించాలి” అంది. ఎదురు వాటా ఆవిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. రేపుగారు గొంతు సవరించుకుని, “అలాగేలెండి పెద్దమ్మగారూ, రేపు చూద్దాం” అన్నాడు.

“రేపు కాదు” అంది అత్తయ్య. ఆ గొంతు విన్నాక ఆయన తల ఊపాడు.

ఈసారి గాలాయన ఫోన్లో అత్తయ్యకే స్వయంగా చెప్పాడు. “కొత్తగా ఏమీ చెయ్యొద్దమ్మా. అలాగని రోజూ చేసేది మానొద్దు కూడా.”

“రోజూ నీళ్లు కొట్టి కడుగుతాను బాబూ. అది చెయ్యొచ్చా?”

“రోజూ చేసేదైతే చెయ్యండి.”

ఆవిడ అక్షరం పొల్లుపోకుండా అలాగే చేసింది. కిటికీ ముట్టుకోలేదు. గోడ ముట్టుకోలేదు. నేల మాత్రం ఎప్పట్లాగే కడిగింది, బీరువా కిందికి ఎప్పట్లాగే చెంబుడు నీళ్లు విసిరింది. అంతకుమించి ఒక్క దుమ్ము కణాన్ని కూడా కదిలించలేదు.

ఈసారి గాలాయన ఫోను చెయ్యకుండా తానే వచ్చాడు. టేపు వేసి మూసిన పళ్లేలు బల్ల మీద పెట్టాడు. వీధి గాలి పళ్లెంలో అక్కడో చుక్క, ఇక్కడో చుక్క. గది గాలి పళ్లేల్లో జెల్లీ కనపడటమే లేదు. పచ్చగా, నల్లగా, నూగు నూగుగా బొచ్చు పెరిగి ఒకదాని మీద ఒకటి ఎక్కేశాయి.

“ఇవన్నీ మా గదివేనా?” అంది అత్తయ్య.

“ఇవి మీ ఊపిరితిత్తుల్లోకి పోనివమ్మా. పోయినవి లెక్కలో లేవు.”

అత్తయ్య కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ఆ వెంటనే చిత్రంగా బోలెడంత సంతోషమేసింది. గెలిచాం! కొత్త కాగితం పట్టుకుని మళ్లీ వాటా వాటాకూ బయలుదేరింది. “చూశారా, వీధి కంటే ఎన్ని రెట్లో! మామూలు బూజు కాదట!” అని తన ఇంటి బూజు గురించి గర్వంగా చెప్పుకుంది. ఏదైనా సరే, తన ఇంట్లో ఉన్నది మిగతా ఇళ్లకంటే ఒక పిసరు ఎక్కువ ఉండాలి ఆవిడకు. మాట ప్రకారం రేపుగారు తాపీమేస్త్రీని, మోసే మనుషుల్ని పిలిపించాడు. చూసిపోదామని బిల్డింగులో సగం మంది ఆ గది గుమ్మంలో చేరారు. ఇల్లు అలకగానే పండగ కాదని పాపం అత్తయ్యకు ఎవరు చెప్తారు?

బీరువా మూలుగుతూ ముందుకు జరిగింది. వెనక చెక్కంతా బొచ్చు పట్టి ఉంది. గోడ మీద నేల దగ్గర్నుంచి మోకాలెత్తు దాకా కారునలుపు. ఆ పైన తెల్లటి గోడ, సున్నం వేసిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. మేస్త్రీ పైనుంచి కిందిదాకా గోడ కొట్టాడు. పైపు బయటపడింది. చెయ్యి పెట్టి చూశాడు. పొడిగా ఉంది. రేపుగారు పై వాటాలో కుళాయిలన్నీ తిప్పించి, తనూ చెయ్యి పెట్టి చూశాడు. చుక్క లేదు.

“మరి నీళ్లెక్కడివి?” అన్నాడు రేపుగారు, పట్టరాని ఆనందాన్ని పట్టుకుంటూ.

గాలాయన కిందికి వంగి నేలకూ గోడకూ మధ్యనున్న సందులో వేలు పెట్టి చూశాడు. తల ఎత్తి మామూలుగానే అడిగాడు. “అమ్మా, ఈ బీరువా కింద ఎలా శుభ్రం చేస్తారు?”

ఈ ప్రశ్న ఎవరైనా అడిగితే బాగుండునని అత్తయ్య ఎన్నాళ్లుగానో ఎదురుచూస్తోంది. ఇంతమంది ముందు అడిగారు కూడా. “దానికో కిటుకుంది బాబూ” అంది హుషారుగా. “చెంబు నిండా నీళ్లు తీసుకుని గట్టిగా విసరాలి. చెయ్యి దూరని చోటికి నీళ్లు…”

మాట అక్కడ ఆగిపోయింది. ఆవిడ గోడ మీది నలుపును చూసింది. నేలను చూసింది. కిటికీ గట్టు మీద బోర్లించి ఉన్న చెంబును చూసింది. రేపుగారు నవ్వడానికి నోరు తెరిచాడు.

అప్పుడు గుమ్మంలోంచి ఎదురు వాటా ఆవిడ సన్నగా అంది. “అత్తయ్యగారూ, మీరు చెప్పారని నేనూ పోస్తున్నానండీ. రోజూ.”

“నేను కూడా” అంది ఆవిడ వెనకనున్నావిడ.

రేపుగారు వెనక్కి తిరిగి తన భార్య వైపు చూశాడు. ఆవిడ తల దించుకుని, “పూటకో చెంబు” అంది.

గుమ్మం ఖాళీ అయిపోయింది. క్షణంలో మెట్ల మీద పరుగులు, ఆ తరవాత కింది నుంచీ పై నుంచీ బీరువాలు జరుపుతున్న చప్పుళ్లు, మధ్య మధ్య ఆడవాళ్ల కేకలు. రేపుగారి నవ్వు తెరిచిన నోట్లోనే ఉండిపోయింది. బిల్డింగంతా ఆయనదే కదా, గోడలన్నీ ఆయనవే. గాలాయన తన పెట్టె మీద కూర్చుని, “ఇంక నాకు ఈ బిల్డింగు చాలు” అన్నాడు.

అత్తయ్య మంచం మీద కూలబడింది. “నా చేత్తో నేనే పోశాను. పిల్ల పక్కనే పడుకుని, పొద్దున్నే లేచి, దాని గుండెల్లోకి రోజుకింత పోశాను” అంటూ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కోడలు కిటికీ దగ్గరికి వెళ్లి చెంబు తీసింది. ఏం చెయ్యాలో తెలియక దాన్ని బీరువా పైన, అత్తగారికి అందని ఎత్తులో పెట్టింది.

“మీరు ఆ బోర్డు మీద కాగితం చింపకపోతే ఈ బీరువా కదిలేదే కాదత్తయ్యా” అంది. “లేవండి. పిల్లకు మందిచ్చే టైమైంది.”

గోడలు గీకి, ఆరనిచ్చి, కొత్త సున్నం వెయ్యడానికి చాలా రోజులు పట్టింది. రేపుగారు తన వాటా నుంచే మొదలుపెట్టాల్సి వచ్చింది కాబట్టి పని రేపటికి వాయిదా పడలేదు. బీరువాను గోడకు జానెడు ఎడంగా పెట్టారు. నేలకు పిండిన గుడ్డ ఒక్కటే, అదీ రోజు విడిచి రోజు, అదీ కోడలి చేతుల మీదుగా. పిల్ల మళ్లీ నానమ్మ పక్కలోకి వచ్చింది. అత్తయ్య ఇప్పటికీ మధ్య మధ్య మెలకువ తెచ్చుకుని చెవి ఒగ్గి వింటుంది. ఈల లేదు. ఉత్త ఊపిరే.

ఒక సెలవు రోజు మధ్యాహ్నం ఎదురు వాటా ఆవిడ వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు. మాటల్లో మాటగా టీవీ బల్ల మీద చూపుడువేలు అలా ఒకసారి రాసి, వెలుతురుకు ఎత్తి పట్టుకుని చూసుకుంది. వేలి కొస బూడిదరంగులో ఉంది. అత్తయ్య చెయ్యి తనంతట తనే పక్కనున్న గుడ్డ మీదికి వెళ్లింది. అంతలో లోపల గదిలోంచి నిద్రలో పిల్ల పక్కకు ఒత్తిగిలిన చప్పుడు, ఆ వెంట సాఫీగా వస్తూ పోతున్న ఊపిరి వినిపించాయి. అత్తయ్య గుడ్డ వదిలేసి సర్దుకుని కూర్చుంది.

“చూశావా,” అంది గొంతు తగ్గించి, “ఎంత పొడిగా ఉందో!”

ఎదురు వాటా ఆవిడ వేలు మరోసారి చూసుకుంది. బొటనవేలితో రాసి కూడా చూసింది.

“నిజమేనండీ అత్తయ్యగారూ,” అంది ఒప్పుకోక తప్పక, “మా ఇంట్లో ఇంత పొడిగా లేదు.”